గడువు గడి

సోహార్ సనాయియాలో, పదకొండో గల్లీ చివర
మూడు లేతులు, ఒక మిల్లింగు, ఒక బోరింగు యంత్రం.
నా చేతిలో జాబు కార్డులు.
లోహాన్ని నేను ముట్టను. దాని వంతు మాత్రం రాస్తాను.

మొదట్లో ఇక్కడ ఒకటే ధర్మం: ముందొచ్చింది ముందు.
రేషన్ దుకాణం ముందు సంచి పెట్టి పోయినట్టు
కార్డు పెట్టి పోతే చాలు, వంతు దానంతటదే నడిచొచ్చేది.
తర్వాత తంకచ్చన్ సారొచ్చి చిన్న పని ముందన్నాడు.
పావుగంట పిన్నులు, అరగంట బుష్షులు
వలలోంచి పిల్లచేపల్లా జారిపోయేవి.
లెక్కల్లో మా షాపు మహా చురుకు.
పదహారు గంటల పెద్ద పని మాత్రం
గుమ్మం దగ్గరే నిలబడేది,
చిన్నవి వస్తూనే ఉంటాయి కనుక.

క్యాంపులో బాత్రూం దగ్గరా అదే శాస్త్రం.
పద్దెనిమిది మందికి మూడు నల్లాలు.
"నాది మొఖం కడుగుడే" అని ఒకడు,
"నాది రెండు చెంబులే" అని ఇంకొకడు.
శుక్రవారం తలకు నూనె పెట్టుకున్న ఓదెలు
నూనె చెంపల మీదికి కారేదాకా
తువ్వాల భుజాన వేసుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు గడువు.
ఏది ముందు ఇవ్వాలో అది ముందు.
అందులో ఇంకో పిసరు లెక్కుంది:
మిగిలిన రోజుల్ని మిగిలిన పనితో భాగించు,
ఒకటికన్నా తగ్గిందా,
ఈ క్షణం మొదలుపెట్టినా ఆలస్యమే.
అలాంటివి తెర మీద ఎర్రబడతాయి.
రిఫైనరీ పంపు స్లీవులు ఎప్పుడూ ఎరుపే.

నాలుగు వందల పదిహేడో కార్డు:
పడవ పంఖా షాఫ్టు, ఒకటి. స్టెయిన్‌లెస్.
హర్మూల్ నుంచి దుర్ మహమ్మద్.
ఎప్పటికి కావాలి బాబా అంటే
ఇన్షా అల్లా అన్నాడు.
ఆ మాట పట్టే గడి లేదు కార్డులో.
ఖాళీ వదిలేశాను.
ఖాళీని కంప్యూటర్ ఖాళీగా ఉండనివ్వదు,
తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదో సంవత్సరం
డిసెంబరు ముప్పై ఒకటి అని నింపుకుంది.
ముసలాయన షాఫ్టు
లోకం చివరి రోజుకు సిద్ధమవుతుంది.

వారానికోసారి వచ్చేవాడు. అడిగేవాడు కాదు.
చెప్పులు బయట విడిచి,
మూలనున్న కడ్డీ మీద చెయ్యి వేసి చూసుకుని,
మా కూలరులో నీళ్లు తాగి పోయేవాడు.
ఆరు వారాలు.
కడ్డీ నిండా దుమ్ము, ఆయన వేళ్లు ఆనే చోట తప్ప.

మెస్సులో వంట చేసే సోంపేట సింహాద్రి
కోనెం వేటకు నిషేధం ఇంక మూడు రోజులేనన్నాడు,
చారులో ఉప్పు చూస్తూ, ఎవరితోనో.
ఆ రాత్రి గడిలో ఆ తేదీ కొట్టాను.
ఎవరు చెప్పారని అడిగితే
చేప చెప్పిందనాలి.

అట్టడుగున ఉన్నది ఒక్క ఎగురున
మొదటి వరుసలో పడింది, ఎర్రగా.
రిఫైనరీ ఒక మెట్టు దిగింది.
ఓదెలు కార్డు చూసి, నన్ను చూసి,
"ముసలాయనదా? పట్టు, ఆ కొస పట్టు" అన్నాడు.
తెల్లారేదాకా లేతు కింద
నీలం చుట్టలు రాలుతూనే ఉన్నాయి.

స్లీవులు ఐదు గంటలు ఆలస్యం.
నాకు రెండు రోజుల జీతం కోత.

షాఫ్టు గ్రీజు పూసుకుని గోనెలో కూర్చుంది.
నిషేధం ఎత్తేశారు. ఆయన రాలేదు.
ఇంకో నాలుగు రోజులకు వచ్చాడు, మోచేతుల దాకా పొలుసులు.
అల్లుడి పడవలో పోయాడట. వేట బాగా పడిందట.
షాఫ్టు భుజాన వేసుకుని
పళ్లు లేని నవ్వు నవ్వాడు:
అప్పుడే చేసేశారా, తొందరేముంది?

ఓదెలు నా వైపు చూడలేదు.
తుడిచిన లేతునే మళ్లీ తుడిచాడు.

బల్ల సొరుగులో నా సెలవు కాయితం ఉంది.
నింపి ఏడాదిన్నర.
పేరు, పాస్‌పోర్టు నెంబరు, ఊరు మెట్‌పల్లి.
ఏ తేదీ నుంచి అన్న గడిలో
నా చేతిరాతే: వీలైనప్పుడు.

పెన్ను విదిల్చాను.
బయట పికప్పు హారను.
ఎవరో కొత్త పని దించుతున్నారు.
చిన్నదేనట. పావుగంట.